వెనక కుడి చక్రం

ఉలాన్‌బాతర్‌లో ఇంకా తెల్లారలేదు.
సున్నాకి ముప్పై రెండు కింద.
వదిలిన ఊపిరి వెనక్కొచ్చి
కనురెప్పల మీద కూర్చుంటోంది.

జపాను నుంచి వచ్చిన పాత బండి నాది,
దాని గొంతు ఇంకా జపానుదే.
తాళం తిప్పగానే ఒకామె
ఎంతో మర్యాదగా ఏదో చెబుతుంది.
ఎనిమిదేళ్ళుగా వింటున్నా, ఒక్క ముక్క తెలీదు.
నా కొడుకు ఆమెకి అత్త అని పేరు పెట్టాడు.

అమ్మ గిన్నెలో పాలు తెచ్చి
చెక్క గరిటెతో చక్రాల మీద చిలకరించింది,
దారి తెల్లగా సాగాలని.
రబ్బరుని తాకీ తాకగానే
చుక్కలు చుక్కలుగానే గడ్డకట్టాయి.

మలుపు దాటానో లేదో
స్టీరింగు వెనక పసుపు దీపం:
ఒక గిన్నె, అందులో ఆశ్చర్యార్థకం.
అత్త కూడా ఏదో అంది. ఈసారి రెండు వాక్యాలు.
"సూపు పొంగుతోందేమో," అంది పక్క సీట్లో దూల్మా ముసలమ్మ,
ఒళ్ళో గోతాం నిండా గడ్డకట్టిన మాంసపు కుడుములతో
నలైఖ్‌లో కూతురింటికి వెళుతూ.

మా ఆయనైతే నల్లటేపు చించి అతికించేవాడు.
ఇంజను దీపం మీద ఒకటి, తలుపు దీపం మీద ఒకటి,
ఇంకా ఉన్నాయి.
"దీపం వెలిగిందంటే బండి బతికున్నట్టే" అనేవాడు.
ఇప్పుడతను గోబీలో, రాగి గనిలో,
మనిషికి రెండింతలెత్తు చక్రాల లారీ నడుపుతున్నాడు.
ఆదివారం ఫోను.
బాగున్నావా అంటే, బాగున్నా.
వారం వారం ఆ మాటలో కాస్త గాలి తగ్గుతోంది.
విన్నాను. వినలేదనుకున్నాను.

అరలో అతని టేపు చుట్ట ఇంకా ఉంది.
చించి దీపం మీద నొక్కాను.
చలికి జిగురు చచ్చిపోయింది,
జారి నా బూటు మీద పడింది.

దిగి, నాన్న నేర్పినట్టు
ఒక్కో చక్రాన్నీ తన్ని విన్నాను.
మూడు ఖణ్ అన్నాయి.
వెనక కుడిది ధప్ అంది.

రోడ్డు పక్కన ఇనప పెట్టె కొట్టు,
బయట తెల్లరంగు పూసిన టైరు, దాని చుట్టూ బల్బుల దండ.
శాగ్దర్ వంగి, వాల్వు మీద ఉమ్మి పూసి చూశాడు.
బుడగ రాలేదు. ఉమ్మే గడ్డకట్టింది.
"మేకు లేదు, చీలిక లేదు.
చలికి గాలి ముడుచుకుంది.
లోపలున్నది ఎక్కడికీ పోలేదమ్మా,
చోటు నింపలేకపోతోంది, అంతే."
"మరి మిగతా మూడు?"
"అవీ తగ్గాయి. ఇది ముందు చెప్పింది."

ఒకటి పాయింటు ఏడు నుంచి
రెండు పాయింటు నాలుగు దాకా
గొట్టం బుసకొడుతూ పాకింది.
చక్రం మీది పాలచుక్కల్ని అతను చెరపలేదు,
వేలితో తాకి నుదుట పెట్టుకున్నాడు.
గాలికి డబ్బు తీసుకోనన్నాడు.
దూల్మా లెక్కపెట్టి ఆరు కుడుములిచ్చింది,
ఒకటి వెనక్కి తీసుకుంది.

బయల్దేరినా దీపం ఆరలేదు.
"కొంత దూరం తిరగనివ్వు,
చక్రానికి నమ్మకం కుదరాలి" అన్నాడు శాగ్దర్.

ఆ రోజు మంగళవారం.
టోల్‌గేటు దగ్గర బండ్లు ఆగితే, ఫోను తీశాను.
"ఏమైంది?" అన్నాడు, భయంగా.
"ఏం కాలేదు.
నీ చక్రాల్లో గాలెంతుందో చూసుకున్నావా?"
అవతల గాలి హోరు, చాలాసేపు.
తర్వాత, "ఇక్కడ రాత్రుళ్ళు..." అని మొదలుపెట్టాడు.
వెనక బండ్లు హారన్లు కొట్టాయి.
ఒక పక్కకి తీసి ఆపాను.
చెప్పాడు. మొదటిసారి, వరసా వాయీ లేకుండా,
ఒకచోట ఏడ్చాడనుకుంటా,
లేదా సిగ్నలు తెగిందో.

దీపం ఎక్కడ ఆరిందో నేను చూడలేదు.
కుడివైపు రోడ్డు మీద కుడి చేతి స్టీరింగు,
ముందు బొగ్గు లారీ,
ఎదురుగా ఏమొస్తోందో నాకు కనబడదు.
దూల్మా అటు పక్క కిటికీలోంచి తల చాచి
"ఆగు... ఆగు... ఇప్పుడు రా" అంది.
దాటాక, చలికి ముక్కు తుడుచుకుంటూ
అద్దాల వెనకకి చూసి అంది:
"సూపు దించేశారే."